వీడియో పాఠాల మీద పరిశోధన: పిల్లలకి పరీక్ష ఏ భాషలో పెట్టాలి?

నమస్కారమండీ. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఎం.ఎడ్. డిసర్టేషన్ కోసం, ఏడో తరగతి పిల్లలకి భిన్నాలు వీడియోతో చెబితే ఎంతవరకు వంటబడతాయో చూస్తున్నాను. ఇక్కడ చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మీడియం. నెట్ సరిగ్గా రాదు కాబట్టి వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసి ట్యాబ్‌లో చూపిస్తున్నాం.

మొన్న పైలట్‌లో (అసలు పరిశోధనకి ముందు చేసే చిన్న ట్రయల్‌లో) ఒక పాప 3/4, 2/3లో ఏది పెద్దదో పక్కపిల్లకి రొట్టె బొమ్మ గీసి తెలుగులో చక్కగా చెప్పింది. అదే ప్రశ్న ఒడియాలో కాగితం మీద ఇస్తే ఖాళీగా వదిలేసింది. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. నా పరీక్ష కొలుస్తున్నది లెక్కలనా, భాషనా?

ప్రశ్నపత్రం రెండు భాషల్లో పక్కపక్కన అచ్చు వేస్తే సరిపోతుందా? నోటితో అడిగితే మార్కులు అందరికీ ఒకే తీరుగా ఎలా వేయాలి?

ఇంకొకటి. ఉన్నవి రెండు సెక్షన్లే, టీచర్లు వేరు. ముందూ తర్వాతా పరీక్ష పెట్టి ఆన్‌కోవా (ముందు పరీక్ష మార్కుల్లో తేడాని సర్దుబాటు చేసి సెక్షన్లని పోల్చే గణాంక పద్ధతి) చేసినా, తేడా వీడియో వల్ల వచ్చిందో టీచర్ వల్ల వచ్చిందో తేలదు. అందుకే భిన్నాలకి ఒక సెక్షన్, వైశాల్యానికి రెండో సెక్షన్ వీడియో చూసేలా మార్చాలనుకుంటున్నాను. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాల సాఫ్ట్‌వేర్ మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లల్ని లాటరీతో ఎంపిక చేశారు. ఇక్కడ బడివాళ్లు దానికి ఒప్పుకోరు.

మహారాష్ట్రలోని సిరొంచ వైపు మరాఠీ మీడియంలో చదివే తెలుగు పిల్లలతో పనిచేసినవాళ్లున్నా దయచేసి చెప్పండి. మీరు పరీక్ష ఎలా పెట్టారు?