వాక్యాన్ని పట్టి పట్టి చదివి విశ్వాసం పోగొట్టుకున్నవారు ఎక్కడ ఆగిపోయారు?

నిశిపాఠకుడు:
అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా మా సంఘంలో పెద్దల వాక్యపఠన తరగతి నడుపుతున్నాను. నిరుడు పునరుత్థాన వృత్తాంతం చెప్పవలసి వచ్చినప్పుడు నాలుగు సువార్తలనూ ఒకే కాగితం మీద నాలుగు నిలువు వరుసలుగా రాసుకున్నాను. విడివిడిగా చదివినంతకాలం ఏ ఇబ్బందీ కలగలేదు గాని, పక్కపక్కన పెట్టేసరికి సమాధి దగ్గర స్త్రీలకు కనబడినది మార్కులో ఒక పడుచువాడు, మత్తయిలో రాతిని పొర్లించి దానిమీద కూర్చున్న దూత, లూకాలో ఇద్దరు మనుష్యులు. మార్కు 16:8లో ఆ స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. మత్తయి 28:8లో మహానందంతో శిష్యులకు చెప్పడానికి పరుగెత్తారు. ఆ కాగితాన్ని తరగతికి తీసుకుపోలేదు. అది ఇప్పటికీ నా బైబిలులో మడిచి ఉంది. ఆ తరువాత యూదా ఇస్కరియోతు ఎలా చనిపోయాడు (మత్తయి 27:5, అపొస్తలుల కార్యములు 1:18), గొల్యాతును చంపినది ఎవరు (1 సమూయేలు 17లో దావీదు, 2 సమూయేలు 21:19లో ఎల్హానాను అనేవాడు) అని ఒకదాని వెంట ఒకటి బయటపడుతూనే ఉన్నాయి.

మూడు విషయాలు అడగదలచాను. మీ విశ్వాసం ఒక్క వచనం దగ్గర పోయిందా, మెల్లగా కరిగిందా? ఇవన్నీ చూసి కూడా నమ్ముతున్నవారు ఎలా చదువుతున్నారు? నాకు అన్నిటికంటే ముఖ్యమైనది మూడవది: ఇంట్లోవారికి ఎలా చెప్పారు? నా భార్యకు ఇంకా ఏమీ తెలియదు, తరగతి మాత్రం ప్రతి ఆదివారం నేనే చెబుతున్నాను.

ఆకురాయి:
నాకు ఒక్కచోటే. జనసంఖ్య లెక్కించమని దావీదును ప్రేరేపించినది 2 సమూయేలు 24:1 ప్రకారం యెహోవా కోపం, అదే కథను తిరిగి చెప్పిన 1 దినవృత్తాంతములు 21:1 ప్రకారం సాతాను. లెక్కలు చూడడం నా వృత్తి కనుక మొదట అంకెల మీద పడ్డాను. కత్తి దూయగలవారు ఒకచోట ఇశ్రాయేలులో 8 లక్షలు, యూదాలో 5 లక్షలు. రెండవచోట 11 లక్షలు, 4,70,000. శిక్షగా చెప్పిన కరవు 7 సంవత్సరాలా, 3 సంవత్సరాలా? బలిపీఠం కోసం కొన్న కళ్లానికి దావీదు ఇచ్చినది 50 తులాల వెండియా, 600 తులాల బంగారమా? ఈ ధర విషయంలో ఒకటి కళ్లానికీ ఎద్దులకూ, మరొకటి స్థలమంతటికీ అని సర్దిచెప్పేవారున్నారు, సర్దుకోనివ్వండి. రెండు చోట్లా మారని అంకె మాత్రం ఒకటుంది: తెగులుతో చచ్చినవారు 70,000 మంది, లెక్కింపించినది రాజు. ఈ గొర్రెలు ఏమి చేశాయని 24:17లో దావీదే అడుగుతాడు. ఆ అధ్యాయంలో దానికి జవాబు లేదు. నేను ఆగిపోయినది ఆ మారని అంకె దగ్గర.

దీపస్తంభం:
సోదరులారా, మీరు సగం చదివి పూర్తిగా చదివామనుకుంటున్నారు. గొల్యాతు సంగతికి జవాబు 1 దినవృత్తాంతములు 20:5లోనే ఉంది. ఎల్హానాను అనేవాడు చంపినది గొల్యాతును కాదు, గొల్యాతు సహోదరుడైన లహ్మీని. సమూయేలు గ్రంథపు ప్రతిలో రాతపొరపాటు దొర్లింది, దినవృత్తాంతములలో సరైన పాఠం నిలిచింది. ఇంతమాత్రం చూసుకోకుండా పదకొండేళ్లు తరగతి చెప్పారంటే ఆశ్చర్యంగా ఉంది.

మూలపాఠి:
నేను పద్నాలుగేళ్లుగా హీబ్రూలోనే పాత నిబంధన చదువుతున్నాను కనుక ఈ విషయం కాస్త నాకు వదిలిపెట్టండి. సమూయేలులో ఉన్నది "బేత్ హల్లహ్మీ ఏత్ గొల్యాత్", అనగా "బేత్లెహేమీయుడు, గొల్యాతును". దినవృత్తాంతములలో ఉన్నది "ఏత్ లహ్మీ అహీ గొల్యాత్", అనగా "గొల్యాతు సహోదరుడైన లహ్మీని". రెండిటినీ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. "బేత్లెహేమీయుడు" అన్న మాటలో తల తెగి ఒక మనిషి పేరయింది. "ను" అనే కర్మార్థక పదం ఒకటి రెండక్షరాల తేడాతో "సహోదరుడు" అయింది. లహ్మీ అనే మనిషి బైబిలులో ఇంకెక్కడా కనబడడు. దావీదు కీర్తికి భంగం కలుగుతున్నదని చూసిన దినవృత్తాంతకారుడు వాక్యాన్ని చక్కబెట్టాడు. 1611 నాటి ఆంగ్ల కింగ్ జేమ్స్ అనువాదం కూడా సమూయేలులో "సహోదరుని" అన్న మాటను చొప్పించి, అది మూలంలో లేదని తెలిసేలా వేరు అక్షరాలలో అచ్చువేసింది. చొప్పించినవారికి ఉన్న నిజాయితీ సమర్థించేవారికి లేకపోవడమే విచారకరం.

దీపస్తంభం:
హీబ్రూ మీకొక్కరికే వచ్చునా? సమూయేలులో ఎల్హానాను తండ్రి పేరు "యహరే ఓరెగీమ్" అని ఉంది. ఓరెగీమ్ అంటే నేతగాళ్లు. అదే వచనం చివర ఈటె కర్ర "నేతగాని దోనె"తో పోల్చిన చోట అదే మాట మళ్లీ వస్తుంది. దినవృత్తాంతములలో తండ్రి పేరు యాయీరు మాత్రమే. ఆ వచనాన్ని ఎత్తిరాసినవాడి కన్ను కింది పంక్తిలోకి జారి, నేతగాళ్లను పైకి తెచ్చి తండ్రి పేరుకు అతికించిందని పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. ఒక మాట చెడిన వచనంలో రెండవ మాట చెడలేదని మీరు ప్రమాణం చేసి చెప్పగలరా?

మూలపాఠి:
ఓరెగీమ్ విషయంలో మీరు చెప్పినది సరి. నేను దానిని ఎన్నడూ కాదనలేదు. అయితే ఆ వచనం చెడిందని ఒప్పుకున్న క్షణమే ప్రతులు చెడతాయని మీరు ఒప్పుకున్నట్టు. ఏ వచనం చెడిందో నిర్ణయించడానికి మాత్రం మీ సిద్ధాంతాన్ని కొలబద్దగా వాడుకుంటున్నారు. ఇక 1 సమూయేలు 17నే తీసుకోండి. మనం చదివే పాఠంలో గొల్యాతు ఆరు మూళ్ల జేనెడు. ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ, మృతసముద్రపు చుట్టలలో దొరికిన సమూయేలు ప్రతిలోనూ నాలుగు మూళ్ల జేనెడు. 16వ అధ్యాయంలో దావీదు సౌలుకు సితారా వాయించి, ఆయుధాలు మోసి, ఇష్టుడయ్యాడు. 17:55లో అదే సౌలు ఈ పడుచువాడు ఎవని కుమారుడని అడుగుతాడు. 17వ అధ్యాయంలోని 12 నుండి 31 వరకు వచనాలూ, సౌలు అడిగిన ఈ ప్రశ్నా వాటికన్ గ్రీకు ప్రతిలో లేనేలేవు. రెండు కథలను కుట్టిన కుట్టు కనబడుతున్నప్పుడు ఒక వచనంలో నేతగాళ్లను పట్టుకుని వేలాడడం దేనికి?

దీపస్తంభం:
వేలాడుతున్నది ఎవరో చదివేవారు నిర్ణయిస్తారు. నేను సాక్ష్యం చూపించాను. మీరు మీ పద్నాలుగేళ్లను చూపించారు.

తెల్లకాగితం:
మగవారందరూ గొల్యాతు ఎత్తును మూళ్లలో కొలుచుకుంటున్నారు గనుక అడ్డువస్తున్నందుకు క్షమించండి. న్యాయాధిపతులు 11లో యెఫ్తా తన మొక్కుబడి కోసం కన్నకూతురిని బలి ఇచ్చిన చోట ఏ పాఠభేదమూ లేదు, ఏ అంకె తేడా లేదు, తండ్రి చెయ్యి పట్టుకుని ఆపిన దూతా లేడు. అబ్రాహాము కొడుకు కోసం పొదలో పొట్టేలు చిక్కుకుంది. యెఫ్తా కూతురికి పేరు కూడా మిగలలేదు. సంఖ్యాకాండము 31:17-18 చదవండి: మిద్యానీయుల మగపిల్లలందరినీ, పురుషుని ఎరిగిన స్త్రీలనూ చంపి, కన్యలను మీకోసం బ్రతుకనివ్వండని మోషే సైనికులతో అంటాడు. నేను ఈ భాగాన్ని చదివినప్పుడు నా కూతురికి తొమ్మిదేళ్లు. కాపరిగారిని అడిగితే అటువంటి భాగాలు కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి కావనీ, కీర్తనలు చదువుకోమనీ చెప్పారు. నేను అప్పటికి ఇరవై ఏళ్ల విశ్వాసిని. వైరుధ్యాలుంటే ఎవరో ఒకరు సర్దిచెబుతారు. ఏ వైరుధ్యమూ లేకుండా స్పష్టంగా ఉన్నదానిని ఏం చేయాలి?

పాతసంచి:
తెల్లకాగితం గారి మాట తరువాత నేను చెప్పబోయేది పుస్తకాల గొడవలా ఉంటుంది, అయినా చెబుతాను. వైరుధ్యం కనబడగానే విశ్వాసం పోతుందన్న నియమం ఏదీ లేదు. 1845లో యాజక శిక్షణ వదిలి వెళ్లిన ఫ్రెంచి పండితుడు రెనాన్ తన కారణాలు తత్త్వశాస్త్రానివి కావనీ, భాషాపరిశోధనవీ పాఠవిమర్శవీ అనీ రాసుకున్నాడు. దక్షిణాఫ్రికాలోని నాటాల్ బిషప్ కొలెన్సో అంకగణిత పాఠ్యపుస్తకాలు రాసినవాడు. జలప్రళయ కథను జూలూ భాషలోకి మారుస్తుండగా ఇదంతా నిజమేనా అని సహాయకుడు అడిగితే అవునని చెప్పలేకపోయాడు. నిర్గమకాండము 12:37లోని ఆరు లక్షల మంది పురుషులను పట్టుకుని లెక్కలు కట్టి, మోషే పేరిట ఉన్న ఐదు గ్రంథాల మీద 1862 నుండి సంపుటాలు వెలువరించాడు. పైవారు పదవి నుండి తొలగించామన్నారు, ఆయన మాత్రం చివరిదాకా క్రైస్తవుడిగా, బిషప్‌గానే ఉన్నాడు. జర్మన్ బైబిలు పండితుడు వెల్‌హౌజెన్ మరొక రకం: 1882లో వేదాంతాచార్య పదవికి రాజీనామా ఇస్తూ, తన బోధ విద్యార్థులను సంఘసేవకు సిద్ధం చేయకపోగా అనర్హులను చేస్తున్నదన్నాడు. నిశిపాఠకుడు గారు ఈ మూడవ మనిషి దగ్గర కాసేపు ఆగాలని నా మనవి.

ఆకురాయి:
అమెరికన్ నూతన నిబంధన పండితుడు బార్ట్ ఎర్మన్‌ను వదిలేశారేమి? ప్రతులలో తేడాలు చూసి విశ్వాసం వదిలినవారిలో ఈనాడు అందరికీ తెలిసినవాడు ఆయనే.

పాతసంచి:
అందరికీ తెలిసినది తప్పుగా తెలిసింది. దావీదు ప్రతిష్ఠిత రొట్టెలు తిన్న నాటికి మార్కు 2:26లో అబ్యాతారు ప్రధానయాజకుడని ఉండడం, 1 సమూయేలు 21లో ఆ యాజకుడు అహీమెలెకు కావడం లేఖనంలో తప్పే ఉండదన్న ఆయన నమ్మకాన్ని కదిల్చాయి, అంతవరకు నిజమే. కాని తాను విశ్వాసం వదిలినది పాఠభేదాల వల్ల కాదనీ, లోకంలోని బాధకు సమాధానం దొరకక వదిలాననీ ఆయనే పలుమార్లు చెప్పుకున్నాడు. మీరు 70,000 దగ్గర ఆగినట్టే.

దీపస్తంభం:
తెల్లకాగితం గారికి ఒక మాట. ఆ భాగాలను నేనూ చదివాను, నాకూ కూతుళ్లున్నారు. వాటికి నా దగ్గర సమాధానం లేదు, ఉందని నటించను. నన్ను నిలబెట్టినది 88వ కీర్తన. మిగిలిన విలాప కీర్తనలు చాలావరకు ఎక్కడో ఒకచోట స్తుతివైపు తిరుగుతాయి గాని, అది తిరగదు. చివరి మాట చీకటి. అటువంటి మొరను కూడా తీసివేయకుండా దాచిన గ్రంథం నా మొరను కూడా వింటుందని నమ్ముతున్నాను. మీరు దీనిని బలహీనమైన వాదన అంటారని తెలుసు.

తెల్లకాగితం:
అనను. ఈ చర్చలో నాకు కోపం తెప్పించని మొదటి మాట ఇదే. కాని మీరు ఇది ముందు చెప్పి ఉంటే ఆయనను పదకొండేళ్లు ఏం చెప్పారని ఎగతాళి చేయవలసిన అవసరం వచ్చేది కాదు.

మూలపాఠి:
88వ కీర్తన చివరి పదం వాక్యనిర్మాణం కూడా సందిగ్ధమే, దానిని కనీసం రెండు విధాలుగా అన్వయించవచ్చు.

తెల్లకాగితం:
ఇప్పుడు వద్దండీ.

నిశిపాఠకుడు:
అందరికీ కృతజ్ఞతలు. నా మూడవ ప్రశ్న మాత్రం ఎవరికీ కనబడినట్టు లేదు. వచ్చే ఆదివారం పాఠం 1 సమూయేలు 17 అని ఇప్పుడే కాగితం వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

తెల్లకాగితం:
నా అనుభవం చెబుతాను, పనికివస్తే తీసుకోండి. నేను మా వారికి "నాకు విశ్వాసం పోయింది" అని ఒక్కసారిగా ప్రకటించాను. ఆయన విన్నది "మనం ఇరవై ఏళ్లు బ్రతికినది అబద్ధం" అని. నెలరోజులు సరిగా మాట్లాడలేదు. ఇప్పుడైతే ముగింపును చెప్పను, భాగాన్ని చూపిస్తాను. ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు, నీకేమనిపిస్తున్నదో చెప్పు అంటాను. ఒప్పించడానికి కాదు, రాత్రులు మీరు ఒంటరిగా ఏం చదువుతున్నారో ఆమెకు తెలియాలి. తరగతిని మాత్రం ముందు మానండి. ఇంట్లో చెప్పకముందు మీ ముఖం చూసి సంఘమే కనిపెడితే ఆమె ఆ మాటను బయటివారి నోట వినవలసి వస్తుంది.

ఆకురాయి:
నేను ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్లయింది. వెనుక వరుసలో కూర్చుంటాను, పాటలు పాడతాను. ఇది సలహా కాదు.

నిశిపాఠకుడు:
గొల్యాతు పాఠాన్ని మరొకరికి అప్పగించాను, ఆరోగ్యం బాగాలేదన్నాను, అదీ అబద్ధమే. నిన్న రాత్రి ఆ నాలుగు వరుసల కాగితాన్ని నా భార్య ముందు పెట్టాను. ఆమె చాలాసేపు మార్కు వరుస మీదే వేలు పెట్టి ఉంచింది. తరువాత తన బైబిలు తెరిచి, 16:8 తరువాత ఉన్న వచనాలకు కుండలీకరణం ఎందుకు పెట్టారని అడిగింది. నాకు తెలిసినది చెప్పాను. దీపం ఆర్పకుండా ఆమె లూకా 24 మొదలుపెట్టింది. ఏమనుకుంటున్నదో నేను అడగలేదు.

మూలపాఠి:
ఆ కుండలీకరణానికి కారణం, మార్కు 16:9-20 భాగం నాల్గవ శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతులు రెండింటిలోనూ లేకపోవడం. 8వ వచనం గ్రీకులో "గార్", అనగా "ఏలయనగా" అన్న అర్థం గల మాటతో ముగుస్తుంది. గ్రంథం అక్కడే ఆగిందనేవారూ, చివరి ఆకు పోయిందనేవారూ ఉన్నారు.

దీపస్తంభం:
ఆ రెండు ప్రతులకంటే ముందే, రెండవ శతాబ్దంలోనే, సంఘపితరుడు ఐరేనియస్ మార్కు 16:19ని మార్కు మాటగానే ఉటంకించాడని కూడా చెప్పండి. సగం చెప్పి ఊరుకోకండి.

మూలపాఠి:
చెప్పబోతూనే ఉన్నాను. ఆ భాగం పాతదని ఐరేనియస్ వల్ల తెలుస్తుంది, దానిని మార్కు రాశాడని తెలియదు.