ఉప్పు చిత్తడిలో దొరికితే సెలాసెల్లాయేనా?

గడ్డిపరక:
దక్షిణ ఇంగ్లండ్ తీరంలో, ఆగస్టు చివర్లో రాత్రి పెట్టిన లైటుకు వచ్చిన చిన్న గడ్డి మాత్ (సీతాకోకలాంటి రాత్రి పురుగు) ఇది. ముందు రెక్క లేత గోధుమరంగు, పొడవునా తెల్లచార. ఉప్పు చిత్తడిలో పెరిగే స్పార్టినా గడ్డి మధ్యలో దొరికింది కాబట్టి ఆగ్రిఫిలా సెలాసెల్లా అని రాసుకున్నాను. కాదు, అదే ఆగ్రిఫిలా ప్రజాతిలోని ఇంకో జాతి ట్రిస్టెల్లా అంటున్నారొకరు. చోటును బట్టి పేరు పెట్టకూడదా?

రెక్కపొడి:
పెట్టకూడదండి. ట్రిస్టెల్లా మామూలు గడ్డినేలల్లో విరివిగా ఉండేదే. చిత్తడి పక్కనున్న గట్టు మీది నుంచి మీ లైటుకు రావడానికి దానికెంతసేపు? చిత్తడిలో దొరికిన ప్రతిదాన్నీ సెలాసెల్లా అని రాస్తూ పోతే, రేపు ఆ రికార్డులే చూపించి "ఇక్కడుండేది సెలాసెల్లాయే" అంటాం. మన ఊహకు మన ఊహే సాక్ష్యం అవుతుంది. చార చివర చూడండి. ట్రిస్టెల్లాలో రెక్క బయటి అంచు దగ్గరికొచ్చేసరికి అది చేతివేళ్లలా చీలుతుంది. సెలాసెల్లాలో తెల్లగా, వెడల్పుగా సాగుతుంది, ఆ వేళ్లు ఉండవు.

దీపంకింద:
రెక్కపొడి గారూ, తాజా మాత్ అయితే సరే. ఆగస్టు చివరికి పొలుసులు రాలిపోతాయి, వేళ్లూ వాటితోపాటే పోతాయి. పైగా ట్రిస్టెల్లా రంగు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. సెలాసెల్లా గొంగళిపురుగు తినేది స్పార్టినా, పుచినెల్లియా లాంటి గడ్డి. అది పెరిగే చోటును పక్కన పెట్టేయడం కూడా సాక్ష్యాన్ని పారేయడమే కదా? ఇదే ప్రజాతిలోని మరో జాతి లాటిస్ట్రియాను మరచిపోవద్దు, దాని చారా చీలదు, నేరుగా అంచుదాకా పోతుంది. అది పొడి ఇసుకనేలలది. అక్కడ మీరైనా చోటు చూడరా?

రెక్కపొడి:
చూస్తాను. ఏది వెతకాలో చోటు చెబుతుంది, దొరికింది ఏదో మాత్రం చెప్పదు. రెక్క అరిగిపోతే మిగిలేది జననాంగాల పరీక్షే: పొట్టను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, శుభ్రం చేసి, మైక్రోస్కోపు కింద చూడాలి. అందుకు మాత్‌ను చంపాలి. ప్రతి ఫొటో కోసం ఆ పని చేయమని నేను అడగను. జాతి తేల్చకుండా ఆగ్రిఫిలా అని ప్రజాతి పేరు రాసి ఆపినా అది మంచి రికార్డే.

దీపంకింద:
ఆపేస్తే సెలాసెల్లా ఉన్న చిత్తడిలో కూడా అది లేనట్టే కనబడుతుంది. చిత్తడి మీద గట్టు కట్టేటప్పుడు అడ్డం చెప్పడానికి మన దగ్గర ఏం మిగులుతుంది? నాకు బాధ అక్కడే.

గడ్డిపరక:
ఫొటోలు పెద్దవి చేసి మళ్లీ చూశాను. రెండు రెక్కల కుచ్చు అంచులూ అరిగిపోయాయి, చార చివర తెలియడం లేదు. "ఆగ్రిఫిలా, జాతి తేలలేదు, స్పార్టినా మధ్య" అని మార్చాను. వచ్చే జులైలో కొత్తవి బయటికొచ్చే రోజుల్లో అదే చోట లైటు పెడతాను. రెక్క పక్కనుంచి, పైనుంచి రెండు వైపులా తీస్తాను.