సింథటిక్ సవరానికి ఇంట్లోనే ఉంగరాలు తిప్పడం, రంగు కుదర్చడం, సొంత జుట్టులో కలిపేయడం: సందేహ నివృత్తి

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా పెద్దమ్మాయి పెళ్లి ఉంది. తన జుట్టు భుజాలు దాటి నాలుగు వేళ్ల పొడవే ఉంటుంది, సహజంగా కొద్దిగా అలలు తిరిగి ఉంటుంది. ఏళ్ల తరబడి గోరింటాకు పెట్టుకోవడం వల్ల ఎండలో ఎర్రటి ఛాయ కనిపిస్తుంది. ముహూర్తానికి పూలజడ వేసుకోవాలని, రిసెప్షన్‌కు మాత్రం జుట్టు వదిలేసి చివర్లు ఉంగరాలుగా తిప్పుకోవాలని తన కోరిక. ఇందుకోసం ఒక పొడవాటి సవరమూ, క్లిప్పులతో పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ల సెట్టూ కొన్నాము. రెండూ సింథటిక్‌వే, రెండూ నిటారుగా, కారునలుపుగా, ప్లాస్టిక్ మెరుపుతో ఉన్నాయి. వీటికి ఇంట్లో ఉంగరాలు తిప్పవచ్చా? అమ్మాయి జుట్టు ఛాయకు దగ్గరగా రంగు మార్చవచ్చా? అతుకు కనబడకుండా ఎలా అమర్చుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (రాజమహేంద్రవరం, పెళ్లికూతుళ్ల అలంకరణ వృత్తిలో ఉన్నవారు)

నమస్కారమండీ. ముందుగా మీ చేతిలో ఉన్నది ఏ రకం పోగో తేల్చుకోండి, ఎందుకంటే వేడి దగ్గర సింథటిక్ పోగులన్నీ ఒకేలా ఉండవు. ఈ పేరుతో దొరికేవాటిలో మోడాక్రిలిక్, పీవీసీ, పాలిస్టర్ ముఖ్యమైనవి. జపాన్‌లోని కనెకా సంస్థ తయారుచేసే కనెకలాన్ మోడాక్రిలిక్ జాతికి చెందినదే. వేడిని తట్టుకునే రకమైతే ప్యాకెట్ మీద ‘హీట్ రెసిస్టెంట్’ అని, ఎన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుందో ఆ అంకెతో సహా అచ్చువేసి ఉంటుంది. అలాంటి ముద్ర ఏదీ లేకపోతే అది వేడికి ఆగదనే అనుకోవాలి. అటువంటి పోగు కర్లింగ్ రాడ్డు తగలగానే ముడుచుకుపోయి, పక్క పోగులకు అతుక్కుని, గరుకుగా ఉండకడుతుంది. ఆ తర్వాత దానిని కత్తిరించి పారేయడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

అమ్మినవారు ‘ఇందులో సగం అసలు జుట్టే’ అని చెప్పి ఉంటే, లోపలి వైపు నుంచి నాలుగు పోగులు తీసి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట అగ్గిపుల్లతో ముట్టించి చూడండి. అసలు వెంట్రుక అయితే అందరికీ తెలిసిన ఆ కమురు వాసన వచ్చి, నలిపితే బూడిదగా రాలిపోతుంది. సింథటిక్ పోగు కరిగి, చివర గట్టి పూసగా మిగులుతుంది. పూర్తిగా చల్లారేదాకా ఆ పూసను ముట్టుకోవద్దు.

ఉంగరాల విషయానికి వస్తే, ముద్ర ఉన్నా లేకపోయినా నేను మొదట వేడినీళ్లనే నమ్ముతాను. నీళ్లు ఎంత కాగినా 100 డిగ్రీలు దాటవు. చౌక రాడ్ల వేడి ఎక్కడ ఆగుతుందో మనకు తెలియదు. సింథటిక్ పోగు వేడికి మెత్తబడి, ఏ ఆకారంలో ఉండగా చల్లారితే ఆ ఆకారాన్నే పట్టుకుంటుంది. కాబట్టి వేడి ఎంత అవసరమో, చుట్టిన చుట్టు విప్పకుండా చల్లారనివ్వడం అంతకన్నా అవసరం. ఉంగరం నిలవలేదని నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది తడి వెచ్చగా ఉండగానే విప్పి చూసుకున్నవారే.

పద్ధతి ఇదీ. జుట్టును చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వస్తూ చిక్కు తీయండి. రెండు వేళ్ల వెడల్పు పాయలుగా విడదీసి, ప్రతి పాయనూ కొస నుంచి పర్మ్ రాడ్డుకో (వేడెక్కని, జుట్టు చుట్టే చిన్న గొట్టం), గట్టిగా మెలిపెట్టిన నూలు గుడ్డ పీలికకో చుట్టి ముడివేయండి. కొసలు మడతపడితే ఆ మడత అలాగే నిలిచిపోతుంది కనుక, కొసను చిన్న టిష్యూ కాగితంలో పొదిగి చుట్టడం మంచిది. గిన్నెలో నీళ్లు కాచి, తెర్లడం మొదలుకాగానే పొయ్యి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. క్లిప్పులు కుట్టిన అంచును చేత్తో పైకెత్తి పట్టుకుని, చుట్లు మాత్రమే మునిగేలా పది పదిహేను సెకన్లు ముంచి తీసి, వెంటనే చన్నీళ్లలో ముంచండి. తర్వాత తువ్వాలుతో అద్ది, తీగకు వేలాడదీసి, మర్నాటి దాకా విప్పవద్దు. విప్పాక దువ్వెన పెట్టకుండా వేళ్లతోనే విడదీయండి. హెయిర్ డ్రయర్ వేడిగాలి తగిలితే చేసిన పనంతా వృథా అవుతుంది.

ఇదంతా ముందు లోపలి నుంచి తీసిన సన్నని పాయ మీద చేసి చూడాలని వేరే చెప్పనక్కర్లేదు. హీట్ రెసిస్టెంట్ రకానికి వేడినీళ్లతో ఉంగరం సరిగా నిలవకపోతే, అంకె చూపే రాడ్డును 120 డిగ్రీల దగ్గర పెట్టి మొదలుపెట్టవచ్చు. ప్యాకెట్ మీద రాసిన అంకె వరకు ఎక్కించాలన్న ఆశ పెట్టుకోవద్దు.

ఇంకొకరి సూచన (విజయవాడ)

రంగుకు ఇంత ఆలోచన ఎందుకండీ? మనం తలకు వేసుకునే బ్రౌన్ రంగు ప్యాకెట్ ఒకటి తెచ్చి కలిపి పట్టిస్తే సరిపోదా? లేదా అమ్మాయికి పెట్టే గోరింటాకే సవరానికీ పెడితే రెండూ ఒకే ఛాయలో వస్తాయి కదా?

సమాధానం (సికింద్రాబాద్, బట్టల అద్దకం పని నేర్పేవారు)

సరిపోదండీ. గోరింటాకులోని రంగు వెంట్రుకలో ఉండే కెరటిన్ అనే ప్రొటీనును పట్టుకుంటుంది. ప్యాకెట్ రంగు వెంట్రుక లోపలికి చేరి, పెరాక్సైడుతో కలిసి, అక్కడే రంగుగా మారుతుంది. సింథటిక్ పోగులో కెరటిన్ లేదు, వెంట్రుకకు ఉండే పొలుసుల పొర లేదు, బ్లీచు తీసివేయడానికి మెలనిన్ కూడా లేదు. చాలావరకు పోగు తయారయ్యేటప్పుడే రంగు అందులో కలిసి ఉంటుంది. కనుక మీరు పట్టించినదంతా కడిగితే పోతుంది, కడగకపోతే పెళ్లికూతురి మెడకూ రవికెకూ అంటుతుంది.

ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. సింథటిక్ జుట్టును ముదురు చేయవచ్చు గాని, లేతబరచడం ఇంట్లో కాని పని. కారునలుపు సెట్టును ఎర్రటి ఛాయకు తేవడం అందువల్ల సాధ్యం కాదు. లేత గోధుమరంగు సెట్టు కొని ముదురు చేసుకోవడానికి మాత్రం రెండు దారులు ఉన్నాయి. ఒకటి, సింథటిక్ బట్టలకు వాడే డిస్పర్స్ రంగులు. పాలిస్టర్‌కు ఇవి బాగా పట్టాలంటే మిల్లులో ఒత్తిడి మీద 130 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఇంటి గిన్నెలో మరిగించినా ఛాయ కొద్దిగానే ఎక్కుతుంది, ఆ మరుగుకు పోగు ఆకారమూ చెడుతుంది. రెండవది, పర్మనెంట్ మార్కర్ సిరాను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కలిపి స్ప్రే చేసి ఆరబెట్టడం. నాటకాల విగ్గులకు ఇది పనికొస్తుంది. పెళ్లికి మాత్రం నేను వద్దంటాను: ఆ ద్రవం తేలికగా అంటుకుంటుంది కాబట్టి పొయ్యి, దీపం దరిదాపుల్లో ఉండకూడదు, పైగా చెమటకు సిరా దిగితే పట్టురవికె మీద పడ్డ మరక వదలదు.

రంగు వేయడం కన్నా రంగు చూసి కొనడం తెలివైన పని. ఎక్స్‌టెన్షన్ల మీద ఉండే అంకెల్లో 1 అంటే కారునలుపు, 1బి అంటే మన సహజమైన నలుపు, 2 అంటే ముదురు గోధుమరంగు, 4 అంటే అంతకన్నా తేలిక. గోరింటాకు పెట్టిన జుట్టుకు ఒకే అంకె సరిపోవడం అరుదు. మీ సెట్టును 1బికి మార్చుకుని, దానితో పాటు ఎర్రటి జీర ఉన్న 4 రంగు పట్టీలు ఒకటో రెండో కొని, నలుపు పట్టీల మధ్య అక్కడక్కడ పెట్టండి. సహజమైన జుట్టులో కూడా రంగు అంతటా ఒకేలా ఉండదు కనుక, ఈ కలగలుపే అసలు జుట్టు అనిపిస్తుంది. ఛాయ పోల్చేటప్పుడు మాడు దగ్గర కాక, సవరం కలిసే చివర్ల దగ్గర, కిటికీ వెలుతురులో పోల్చండి. దుకాణంలోని ట్యూబులైటు కింద అన్ని నలుపులూ ఒకటిగానే కనిపిస్తాయి.

అలాగని అమ్మాయి జుట్టుకే నల్లరంగు వేసి సెట్టుకు సరిపెట్టాలనుకుంటే, అది పెళ్లి వారంలో మొదటిసారి చేసే పని కాదు. చెవి వెనుక రంగు రాసి 48 గంటలు చూశాకే తలకు వేయాలి.

సమాధానం (న్యూజెర్సీ, కూచిపూడి నేర్పే గురువు)

మెరుపు గురించి ఒక్క మాట. మా పిల్లల సవరాలు వేదిక దీపాల కింద నల్లటి నైలాను తాడులా మెరిసేవి. కొద్దిగా టాల్కం పౌడరును వెడల్పాటి బ్రష్షుతో అద్ది, బాగా దులిపి, చేత్తో నిమిరితే ఆ మెరుపు అణుగుతుంది. దులపడం మరచిపోతే ఫోటోల్లో నెరిసినట్టు కనిపిస్తుంది. కొబ్బరినూనె మాత్రం రాయవద్దు. సింథటిక్ పోగు నూనెను పీల్చుకోదు కాబట్టి అది పైనే ఉండి దుమ్ము పట్టి జిడ్డుకడుతుంది. ఆ రోజు పిల్లల తలకు కూడా మేము నూనె పెట్టము, క్లిప్పులు జారిపోతాయి.

అడిగినవారి మరో సందేహం

అందరికీ ధన్యవాదాలు. వేడినీళ్ల పరీక్ష చేశాను: ఎక్స్‌టెన్షన్ పాయ ఉంగరం చక్కగా పట్టింది, సవరం పాయ మాత్రం కొసల్లో ఉన్నిలా రేగిపోయింది. రంగుకు సెట్టు మార్చుకుంటాము. సవరాన్ని కూడా మార్చాలా? అమర్చడం ఎలాగో కూడా చెప్పండి.

సమాధానం (రాజమహేంద్రవరం)

సవరాన్ని మార్చనక్కర్లేదు, దానిని వేడి దగ్గరకు తేకుండా పూలజడకు ఉంచేయండి. పూలజడలో జుట్టు కనిపించేది తక్కువ, చివర జడకుప్పెలు వస్తాయి కాబట్టి కొసల గొడవా లేదు. అమ్మాయి జుట్టును మెడ దగ్గర రబ్బరుతో బిగించి, మూడు పాయలు తీసి, సవరం తాడును రబ్బరు చుట్టూ తిప్పి కట్టి, సవరం పాయలు ఒక్కొక్కటినీ జుట్టు పాయలు ఒక్కొక్కదానితో కలిపి అల్లండి. మూడు సవరం పాయలనూ ఒకే పక్కన వేస్తే నాలుగు అల్లికలు దిగేసరికి జడ మెలితిరిగిపోతుంది. బరువంతా తాడు మీద పడకుండా అడ్డంగా రెండు పిన్నులు పెట్టండి. పూలు, బిళ్లలు, కుప్పెలు కలిసి మాడును లాగుతూ ఉంటాయి కనుక ముహూర్తం, భోజనాలు కాగానే విప్పేయడం మంచిది. హోమగుండం దగ్గర కూర్చున్నప్పుడు జడను వీపు వెనుకనే ఉంచమని తోడుకూర్చునేవారికి చెప్పండి; సింథటిక్ పోగు నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

రిసెప్షన్ అమరికకే అసలు శ్రద్ధ కావాలి. భుజాల దగ్గర తెగిన జుట్టు కింద పొడవాటి జుట్టు వేలాడితే, సొంత జుట్టు ఆగిన చోట అడ్డగీత కనబడుతుంది. అతుకును బయటపెట్టేది రంగు కన్నా ఎక్కువగా ఆ గీతే. అందుచేత అమ్మాయి కొసలను ముందే మెట్లుమెట్లుగా కత్తిరించి పెట్టమని పార్లరులో చెప్పండి. ఎక్స్‌టెన్షన్ కొసలను కూడా కత్తెర నిలువుగా పట్టి కొద్దికొద్దిగా కొరికినట్టు కత్తిరించండి. అడ్డంగా కత్తిరిస్తే చీపురు కట్టగా కనిపిస్తుంది.

పెట్టేటప్పుడు మెడ పైన మొదటి వరుస, చెవుల ఎత్తున రెండవ వరుస, ఇంకా ఒత్తు కావాలంటే కణతల కన్నా కొంచెం కిందగా మూడవది. ప్రతి వరుస దగ్గర పాపిట తీసి, కుదుళ్లను సన్నదువ్వెనతో వెనక్కి దువ్వి, ఆ పట్టు మీద క్లిప్పు వేయండి. నడినెత్తి మీద, నుదుటి పక్కన సొంత జుట్టునే ఉంచాలి. అమ్మాయి జుట్టును రాడ్డుతో తిప్పే పని ఎక్స్‌టెన్షన్లు పెట్టకముందే ముగించాలి, ఎందుకంటే అసలు జుట్టుకు పట్టే వేడి పక్కనున్న సింథటిక్ పోగును కరిగించేస్తుంది. రెంటి ఉంగరాలూ ఒకే లావులో రావడానికి సెట్టుకు వాడిన రాడ్ల మందమే తన జుట్టుకూ వాడండి. పెట్టాక పై పొరను, ఎక్స్‌టెన్షన్ పై భాగాన్ని కలిపి రెండు మూడు చోట్ల వేలికి చుట్టి వదిలితే రెండూ కలిసిపోతాయి.

అడిగినవారు

చాలా సంతోషమండీ. చివరగా ఒకటి: పెళ్లయ్యాక కడిగి దాచుకుంటే ఆ ఉంగరాలు ఉంటాయా?

సమాధానం (రాజమహేంద్రవరం)

ఉంటాయి. చన్నీళ్లలో కొద్దిగా షాంపూ కలిపి, రుద్దకుండా పిండకుండా ముంచి తీసి, చివరి నీళ్లలో బట్టలకు వాడే ఫాబ్రిక్ కండిషనరు ఒక మూతెడు వేసి మరోసారి ముంచండి, చిక్కు పడదు. నీడలో వేలాడదీసి ఆరాక, మడత పెట్టకుండా పొడవుగా వలసంచిలో ఉంచి, ఇస్త్రీపెట్టె, వంటింటి వేడి తగలని అరలో పెట్టండి.