సెలపాటలో తేటనా, తేటినా?

పాతరేడియో: రెండు రోజులుగా ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. కృష్ణశాస్త్రిగారి 'ఆకులో ఆకునై'లో 'సెలపాటలో' తర్వాత వచ్చేది 'తేటనై'యా, 'తేటినై'యా? మా అమ్మ బియ్యం ఏరుతూ పాడుకునేటప్పుడు 'తేటి' (తుమ్మెద) అనేది. నా నోటికీ అదే పట్టింది. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సుశీలమ్మ పాట విన్నాను. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా 'టి' మీది గుడి వినపడలేదు.

అరసున్న: తేటనే. నీటికుండే తేటని పాటకిచ్చాడాయన. తేటి ఆ తర్వాత వస్తుంది, 'తెరచాటు తేటినై' అని. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి నోరు తడబడుతుంది.

వీధిబడి: తేటిని అంత తేలిగ్గా తోసెయ్యకండి. సెలయేటి గలగలలో తుమ్మెద రొద కలిస్తే పాటకి అందం రాదా?

అరసున్న: వస్తుంది. కానీ వరస చూడండి. ఆకులో ఆకు, పూవులో పూవు, గాలిలో కెరటం. దేనిలో చేరితే అందులో కలిసిపోవడమే. తేట పాటలో కలుస్తుంది. తేటి కలవదు, వాలుతుంది. అందుకే దాని దగ్గర 'లో' పోయి 'చాటు' వచ్చింది.

వీధిబడి: ఈ 'చాటు' పాయింటు బాగుందండీ. అయినా మనసు పూర్తిగా ఒప్పట్లేదు.

రేడియోచెవి: ఒక్క గుడి కోసం ఇంత వాదించుకోగలుగుతున్నామంటే అది లలిత సంగీతం చలవే. రజనిగారు, అదే బాలాంత్రపు రజనీకాంతరావుగారు, 1941లో మద్రాసు రేడియోలో చేరారు. ఆయన, గాయని బాలసరస్వతీదేవిగారు, ఆ తరమంతా మైకుకి దగ్గరగా, అరవకుండా పాడే పాటని మనకి అలవాటు చేశారు. హాల్లో చివరి వరసదాకా గొంతు చేర్చే పని లేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పినట్టు పాడితే చాలు. మాట చెదరదు, చెవి అలసిపోదు. వెయ్యిసార్లు విన్నా ఇంకోసారి వినాలనిపించేది అందుకే.

వీధిబడి: కీర్తనల్లో పాఠభేదాల మీద తగాదాలు తక్కువా?

రేడియోచెవి: ఉన్నాయి. అవి పుస్తకాలు ముందేసుకుని పడేవి. ఇది వంటింట్లో మొదలైంది, చూడండి.

సన్నజాజి: మీరు అక్షరం దగ్గరున్నారు, నేను ఆయన గొంతు దగ్గర ఆగిపోయాను. 1963లో కృష్ణశాస్త్రిగారికి మాట పోయింది. 1980లో పోయేదాకా కాగితం మీద రాసే మాట్లాడారు. 1925 నాటి 'కృష్ణపక్షం'లోని ఈ కవిత 1982లో 'మేఘసందేశం'కి రమేష్ నాయుడు చేతిలో పాటయ్యేసరికి ఆయన లేరు. అది తలుచుకుంటే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

పాతరేడియో: అరసున్నగారూ, తేటనే అని నాకూ అనిపిస్తోంది. పొద్దున్న పాడి చూశాను, మళ్ళీ తేటి అనే వచ్చింది.

వీధిబడి: అసలు 'సెలపాట' ఒక్క మాటేనా? సెల అంటే ఏరేనా, ఊటా? అది తేలితే గదా తేట సంగతి.