‘లోబడు’ అంటే చెప్పినట్టు చేయడమేనా?

మొన్న గురువారం మా ఇంట్లో కూడిక జరిగింది. చదివిన వాక్యం బైబిల్లో పౌలు రోము క్రైస్తవులకు రాసిన లేఖ, అంటే రోమా పత్రిక, 13వ అధ్యాయం. టీ గ్లాసులు వచ్చేసరికి మా పెదనాన్నకీ మా తమ్ముడికీ వాదన మొదలైంది. పెదనాన్న రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. “ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను అని రాసుంటే ఇంకా చర్చేంట్రా?” అన్నారు. వాడు వెంటనే అపొస్తలుల కార్యములు 5:29 తీశాడు: “మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా.” ఇద్దరి చేతుల్లోనూ అదే బైబిలు, ఇద్దరి వేలూ అదే మాట మీద.

నాకు వేదాంతం రాదు. ఇంటర్ పిల్లలకి తెలుగు చెప్పుకునేవాణ్ణి. అందుకే ఆ మాట పట్టుకుని ఇక్కడికి వచ్చాను.

గ్రీకు మూలంలో ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే మాట కాదు. రోమా 13:1లో ఉన్నది హుపొతాస్సో. ‘హుపొ’ అంటే కింద, ‘తాస్సో’ అంటే వరుసలో నిలబెట్టడం, సైన్యాన్ని బారులు తీర్చినట్టు. యేసు పేరున బోధించొద్దన్న యూదుల మహాసభ ముందు పేతురు అన్నది (అదే 5:29) పెయిథార్ఖేయిన్. ఒకరిని అధికారంగా ఒప్పుకుని వాళ్ల మాట వినడం అని. మొదటిది ఎక్కడ నిలబడ్డావన్న సంగతి, రెండోది ఎవరి మాట విన్నావన్న సంగతి. తీతు పత్రిక 3:1లో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. అక్కడ మన అనువాదకులు చక్కగా విడదీశారు: “అధిపతులకును అధికారులకును లోబడి విధేయులుగా ఉండవలెననియు.” అపొస్తలుల కార్యాల దగ్గరికి వచ్చేసరికి రెండో దానికీ ‘లోబడు’ అనే వేశారు. దాంతో పౌలూ పేతురూ తెలుగులో నేరుగా ఢీకొన్నారు.

అసలు ‘లోబడు’ మంచి మాట. లోను, పడు. ఇవాళ మనం ఎలా వాడుతున్నామో చూడండి. “నిబంధనలకు లోబడి”, “కోర్టు తుది తీర్పుకు లోబడి నియామకాలు”. ఇక్కడ ఎవరూ ఎవరి ఆజ్ఞా పాటించడం లేదు, ఒక గీత లోపల ఉంటున్నారంతే. యేసు పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో ఉండిపోయి, తర్వాత నజరేతుకు వచ్చి తల్లిదండ్రులకు “లోబడి యుండెను” అని లూకా రాశాడు. ఎఫెసీ పత్రికలో “ఒకనికొకడు లోబడియుండుడి” అని ఉంది. ఇద్దరూ ఒకరు చెప్పినట్టు ఒకరు చేస్తూ కూర్చుంటే పని జరుగుతుందా? కాబట్టి దాని అర్థం వేరే.

నా ప్రశ్న ఇది. 5:29లో ‘లోబడు’ బదులు ఏం వేసి ఉండాల్సింది? నాకైతే దానికి ముందు అధ్యాయంలోనే జవాబు దొరికింది. 4:19: “దేవుని మాట వినుటకంటె మీ మాట వినుట దేవుని దృష్టికి న్యాయమా?” ‘మాట వినడం’ కన్నా తెలుగైన మాట ఇంకేం కావాలి?

గుంటూరు నుంచి:
మాష్టారూ, మాది లూథరన్ కుటుంబం కాబట్టి ఒక మాట కలుపుతాను. రోమా 13:1లో ‘పై అధికారులు’ దగ్గర, బైబిలును జర్మన్ భాషలోకి తెచ్చిన మార్టిన్ లూథర్ వాడిన మాట ఓబ్రిగ్‌కైట్. అందులో ఉన్నది ‘పై’ అనే అర్థం, అంటే పైనున్నవాళ్లు. అచ్చం మన ‘పై అధికారులు’. ఆ మాట మీద 1959లో జర్మనీలో పెద్ద గొడవే అయింది. తోటి బిషప్ హాన్స్ లిల్యే 60వ పుట్టినరోజుకి బెర్లిన్ బిషప్ ఒట్టో డిబేలియుస్ ఒక లేఖ రాశారు. లూథర్ మనసులో ఉన్నది తండ్రిలా పాలించే రాజు, ఇప్పటి రాజ్యానికి, ముఖ్యంగా తూర్పు జర్మనీలాంటి నిరంకుశ రాజ్యానికి ఆ మాట అతకదు అన్నారు. రోడ్డు మీద వేగ పరిమితి బోర్డును ఉదాహరణగా తెచ్చారు. అలాంటి రాజ్యం పెట్టిన బోర్డుకు తన మనస్సాక్షి కట్టుబడదని ఆయన వాదన. సొంత చర్చివాళ్లే చాలామంది మీద పడ్డారు. ఒక్క నామవాచకం కోసం అంత రభస!

మన వైపు చూస్తే ‘పై అధికారి’ అనగానే రోము చక్రవర్తి గుర్తురాడు, తాసిల్దారు గుర్తొస్తాడు. “పై అధికారుల దృష్టికి తీసుకెళ్తాం” అనే మాట వినీ వినీ ఆ వచనం కూడా ఆఫీసు సర్క్యులర్‌లా వినిపిస్తుంది. ఇంకో తమాషా, మనకి ‘పైవాడు’ అంటే దేవుడు.

పాలమూరు నుంచి:
అన్నా, మీరు చెప్పిన తేడా మీద మా దగ్గర చాలా చర్చ ఉంది. ఇక్కడ ఎం.బి. చర్చి అంటాం కదా, అది మెనోనైట్ బ్రెదరెన్. మెనోనైట్లు మొదటినుంచీ కత్తి పట్టనివాళ్లు. సైన్యంలో చేరమంటే చేరరు, జైల్లో వేస్తే వెళ్తారు. వాళ్ల పండితుల్లో కొందరి వివరణ అచ్చం మీదే. చేరనన్నవాడు విధేయుడు కాదు, కానీ శిక్షకు పారిపోలేదు కాబట్టి లోబడే ఉన్నాడు.

మార్టిన్ లూథర్ కింగ్ కూడా ఇదే దారిలో మాట్లాడారు. నల్లవాళ్ల మీది వివక్షను ఎదిరిస్తూ 1963 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే నాడు అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో అరెస్టయ్యారు. ఆయన్ని తప్పుపట్టినవాళ్లు పోలీసులొక్కరే కాదు, ఎనిమిది మంది తెల్ల మతాధికారులు. జైలు నుంచి వాళ్లకే జవాబు రాశారు. అన్యాయమైన చట్టాన్ని మీరేవాడు దొంగచాటుగా కాకుండా బాహాటంగా, ప్రేమతో, శిక్షకు సిద్ధపడి మీరాలని, అలా చేసేవాడే నిజానికి చట్టాన్ని ఎక్కువ గౌరవిస్తున్నాడని. బబులోను రాజు నెబుకద్నెజరు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనన్నందుకు అగ్నిగుండంలో పడేసిన షద్రకు, మేషాకు, అబేద్నెగోల పేర్లు కూడా తెచ్చారు.

ఆ ముగ్గురి మాటలు తెలుగులో ఒకసారి చదవండి. అగ్నిగుండం ముందు నిలబడి మొదట “నెబుకద్నెజరూ” అని పేరు పెట్టి పిలుస్తారు. రెండు వచనాలు దాటాక, దేవుడు మమ్మల్ని “రక్షింపకపోయినను రాజా, నీ దేవతలను మేము పూజింపము” అంటారు. ఆ ‘రాజా’ చూడండి. పూజించం అంటున్నారు, రాజువి కాదు అనడం లేదు. లోబడి ఉండి మాట వినకపోవడమంటే నాకు ఆ ఒక్క సంబోధనలో కనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి:
సార్, మీరంతా శిక్షకు తలవంచడాన్ని చాలా అందంగా చెప్తున్నారు. ఎఫెసీ 5లో “ఒకనికొకడు” దగ్గర ఆపేశారు, తర్వాతి వచనం చదవలేదు. “స్త్రీలారా, ప్రభువునకువలె మీ సొంతపురుషులకు లోబడియుండుడి.” దెబ్బలు తిని వచ్చిన అమ్మాయికి ఇదే వచనం చెప్పి వెనక్కి పంపడం నేను కళ్లారా చూశాను. “మాట వినక్కర్లేదు గానీ అక్కడే ఉండు” అనే మీ సూత్రం ఆ అమ్మాయికి ఏం పనికొస్తుంది?

భాష సంగతి కూడా మీరన్నంత శుభ్రంగా లేదు. కొలస్సయులు 3:18లో మూలంలో అదే హుపొతాస్సో ఉంది, మన బైబిల్లో “విధేయులై యుండుడి” అయింది. మాటకు మాట అనే లెక్క అనువాదకులే పాటించలేదు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం రోమా 13నే అడ్డం పెట్టుకుంది. 1985లో అక్కడి క్రైస్తవులు కైరోస్ పత్రం అని ఒకటి తెచ్చి దాన్ని ‘రాజ్య వేదాంతం’ అన్నారు. వాళ్లు క్రియాపదం మూలాలు వెతుకుతూ కూర్చోలేదు. పౌలు ఇది ఎవరికి, ఏ పరిస్థితిలో రాశాడని అడిగారు. నాలుగో వచనం గుర్తుచేశారు. అధికారి “నీ మేలు కొరకు” దేవుని పరిచారకుడు అని ఉంది. మేలే లేనప్పుడు? ప్రకటన గ్రంథంలోనూ 13వ అధ్యాయమే ఉంది, అక్కడ రాజ్యం క్రూరమృగం.

పోస్ట్ పెట్టినవారి జవాబు:
మేడమ్, కొలస్సయులు చూసుకోలేదు, పొరపాటే. ఆ అమ్మాయి విషయంలో మీతో వాదించను. గీత లోపల ఉండటం అంటే ఎవరు గీసిన గీత అని ముందు అడగాల్సింది. వ్యాకరణం చెప్పేవాళ్లకి ఉండే జబ్బు ఇది, ధాతువు దొరగ్గానే సమస్య తీరిందనుకుంటాం.

చెన్నై నుంచి:
తమిళ బైబిల్లో రోమా 13:1, అపొస్తలుల కార్యములు 5:29 రెండు చోట్లా ‘కీళ్పడి’ అనే ఉంది. కీళ్ అంటే కింద. గ్రీకులోని ‘కింద’ వాళ్లకి నేరుగా వచ్చింది, మనకి అది ‘లోపల’ అయింది. కాబట్టి పేతురు చోట తికమక తెలుగు ఒక్కదానిదే కాదు.

గుంటూరు నుంచి:
రోమా 13 రెండో వచనం గురించి ఎవరూ మాట్లాడలేదు. “అధికారమును ఎదిరించువాడు.” మూలంలో అది కూడా తాస్సో కుటుంబమే, ఎదురుగా బారు తీరడం. మన ‘ఎదిరించు’లో ‘ఎదురు’ దొరికింది, బారు పోయింది. చేయను అని ఊరుకున్నవాడు ఎదురు బారు తీరినట్టా? బ్రిటిషువాళ్లకి పన్ను కట్టనన్న మన పెదనందిపాడు ఉద్యమాన్ని పన్నుల నిరాకరణ అంటాం గానీ పన్నుల ఎదిరింపు అనం. అయితే ఏడో వచనంలో “ఎవనికి పన్నో వానికి పన్నును” చెల్లించమని స్పష్టంగా ఉంది, అక్కడ ఎవరికీ సందు లేదు!

పోస్ట్ పెట్టినవారి జవాబు:
ఇదంతా నిన్న పెదనాన్నకి చదివి వినిపించాను. గ్రీకు దగ్గర కళ్లు మూసుకున్నారు, ‘మాట వినుట’ దగ్గర తెరిచారు. తర్వాత ఆయనే చెప్పారు. సర్వీసులో ఉండగా ఒక చెరువు పోరంబోకును పట్టా భూమిగా చూపమని పైనుంచి ఫోను వచ్చిందట. కాదనలేదు. “సరేనండి, ఆ మాటే కాగితం మీద రాసి పంపండి, చేస్తాను” అన్నారట. రోజూ వేళకి ఆఫీసుకి వెళ్లి, నమస్కారం పెట్టి, ఆ ఫైలు మాత్రం కదపకుండా కూర్చున్నారు. మూడు వారాలకి కాగితం వచ్చింది, బదిలీ ఉత్తర్వు. వెళ్లి కొత్త చోట చేరారు.

“మరి గురువారం తమ్ముడితో ఎందుకు అంత గొడవపడ్డారు?” అని అడిగాను.

“వాడు నమస్కారం పెట్టడురా” అన్నారు.