పట్టేసిన కాలిపర్ పిస్టన్: గాలి కొట్టి తీయాలా, పెడల్ తొక్కి తీయాలా?

పాతబండి (తిరుపతి):
మొన్న కొండ దిగి అలిపిరి దగ్గర ఆపితే ముందు ఎడమ చక్రం నుంచి కాలిన వాసన. ఘాట్ దిగాక కుడిదీ వేడిగానే ఉంటుంది, కానీ ఎడమదానికి పొగే వస్తోంది. ఇంటికొచ్చి జాకీ ఎత్తితే చక్రం తిరగలేదు. బ్లీడ్ నిపుల్ (కాలిపర్‌లోని ఆయిల్, గాలి వదిలే చిన్న మర) వదులు చేసి చూశాను, అప్పుడూ బిగుసుకునే ఉంది. అంటే ఆయిల్ తెచ్చే హోస్ తప్పు కాదు, కాలిపర్‌లో ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కే పిస్టనే పట్టేసింది. రబ్బరు బూటు చిరిగి, అంచు చుట్టూ తుప్పు కనిపిస్తోంది. బండికి 12 ఏళ్లు. మా వీధి మెకానిక్ కంప్రెసర్ గాలి కొడితే టక్కున ఊడొస్తుందంటాడు, మా మామ పెడల్ తొక్కమంటాడు. హోస్ ఇంకా విప్పలేదు. ఏది కరెక్టు?

గాలిపంపు:
మీ మెకానిక్ మాటే వినండి. నేను ఎప్పుడూ గాలితోనే తీస్తాను. ఎదురుగా చెక్క ముక్క, పైన మందపాటి గుడ్డ, గాలి కొంచెం కొంచెంగా వదలాలి. రెండు నిమిషాల పని. పెడల్ తొక్కితే పిస్టన్ ఊడగానే నేలంతా బ్రేక్ ఆయిల్. అది బాడీ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, ఆ పంచాయితీ వేరే.

వెర్నియర్:
అన్నా, ఒక్క లెక్క వేద్దాం. పిస్టన్ 54 మి.మీ. అనుకుంటే దాని ముఖం దాదాపు 23 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 7 కిలోల గాలి పెడితే వెనక నుంచి తోసేది 160 కిలోలు. తుప్పు వదలనంత సేపు ఏమీ కదలదు, వదిలిందంటే మొత్తం ఒక్కసారిగా వస్తుంది. మధ్యలో వేళ్లుంటే అంతే సంగతులు. ఆయిల్ అలా కాదు. అది గాలిలా నొక్కుకుపోదు కాబట్టి, పిస్టన్ కాస్త కదలగానే ప్రెషర్ పడిపోతుంది. పైగా పెడల్ గట్టిగా తొక్కితే లైన్లో చదరపు సెంటీమీటరుకు 70 కిలోల దాకా వస్తుంది. నిజంగా పట్టేసినదాన్ని కదిలించే బలం దానికే ఉంది.

గాలిపంపు:
లెక్క బాగుంది తమ్ముడూ. మరి పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ సంగతి? 12 ఏళ్లుగా పెడల్ సగం దాకే దిగిన బండి అది. నువ్వు నేలకు తొక్కగానే లోపలి సీళ్లు ఎన్నడూ వెళ్లని చోటికి పోయి, అక్కడి మడ్డి మీద రాసుకుని చిరుగుతాయి. కాలిపర్ బాగుచేసుకుని పోయిన వాళ్లు వారానికే "పెడల్ దిగిపోతోంది సామీ" అని వెనక్కొచ్చారు. నేను చూశాను.

చంద్రగిరి డ్రైవరు:
ఆ మాట నిజం. అందుకే నేను పెడల్ కింద చెక్క దిమ్మ పెడతాను, సగం కంటే కిందికి పోదు. ప్యాడ్లు తీసేసి, కాలిపర్‌ను తీగతో కట్టి వేలాడదీసి, ఒకరు మెల్లగా తొక్కుతుంటే ఇంకొకరు చూస్తుండాలి. అవతలి చక్రం కాలిపర్ బిగించే ఉండాలి, లేదంటే అటువైపుది ఊడుతుంది. డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండండి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) యూనిట్‌లోకి గాలి పోతే దాన్ని తీయించడం ఇంకో తలనొప్పి. వెనక కాలిపర్‌లో హ్యాండ్‌బ్రేక్ కలిసి ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు, చాలావాటిలో ఆ పిస్టన్ స్క్రూ లాగా తిప్పితేనే వస్తుంది.

అన్నట్టు, కొండ దిగేది 1944 నాటి పాత ఘాట్‌లో, 36 మలుపులు. న్యూట్రల్‌లో దిగే మహానుభావులు బ్రేకు ఆయిల్‌ను అక్కడే మరిగిస్తారు.

కొత్తోడు:
గ్యాస్ టార్చ్‌తో కాలిపర్ వేడి చేస్తే తుప్పు వదలదా?

వెర్నియర్:
వద్దు బాబూ. కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ రసాయనాలుంటాయి. ఆ తడి మీద మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. హోస్ ఇప్పటికే విప్పేసి ఉంటే గ్రీజు గన్ ఒక దారి. నిపుల్ మూసి, హోస్ రంధ్రానికి సరిపోయే మరతో బిగించి పంపు కొడితే, గ్రీజు కూడా ఆయిల్ లాగే నెమ్మదిగా తోస్తుంది. తర్వాత చుక్క గ్రీజు మిగలకుండా కడగాలి, లేకపోతే కొత్త సీళ్లు ఉబ్బిపోతాయి.

పాతబండి (తిరుపతి):
నిన్న మామను సీట్లో కూర్చోబెట్టి, పెడల్ కింద మా పాప బిల్డింగ్ బ్లాకు పెట్టాం. నాలుగుసార్లు తొక్కితే చలనం లేదు. ఐదోసారి లోపల చిన్న "టక్", ఆ తర్వాత వెంట్రుకవాసి చొప్పున బయటికొచ్చింది. చేతికి తీసుకుని చూస్తే సీల్ కూర్చునే చోటే మెరుపు పూత లేచి గుంటలు, గోరు తగులుతోంది. ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ వేసే పని కాదని కొత్త పిస్టన్, సీల్ కిట్ తెచ్చాను. నేల మీద ఆయిల్ పడింది, ఒప్పుకుంటున్నా, అట్టపెట్టె పరవడం మర్చిపోయాం.

గాలిపంపు:
సంతోషం. కానీ నా దగ్గరికి కాలిపర్ ఒక్కటే సంచిలో వేసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. అక్కడ పెడల్ ఎక్కడిది? గ్రీజు గన్ ఒకసారి చూస్తాలే.

పాతబండి (తిరుపతి):
కుడివైపు బూటు కూడా పగిలి ఉంది. ఆదివారం దాని పని, ఈసారి అట్టపెట్టెతో.