సమస్య: కాచువాఁడె ప్రజలఁ గాల్చివేసె

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చేయడమే పూరణ.

కాచువాఁడె ప్రజలఁ గాల్చివేసె

ఇది ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాలి. మొన్న ఆదివారం రాత్రి మొగల్రాజపురంలో మా మేడమీద గదిలో ఏడుగురం కూర్చుని కొత్త ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’లో ‘33’ అనే ఎపిసోడ్ చూశాం. గుంటూరు మిత్రులు అదే వేళకు ఎవరిళ్లలో వాళ్లు పెట్టుకున్నారు. 1978 నాటి సిరీస్‌ను 2003లో మినీ సిరీస్‌గా మళ్లీ తీశారు. దాని వెనకే వచ్చిన సీజన్‌లో ఇది మొదటి ఎపిసోడ్. 2004 అక్టోబరులో బ్రిటన్‌లో, 2005 జనవరిలో అమెరికాలో ప్రసారమైంది. హ్యూగో అవార్డు తెచ్చుకుంది.

చూడనివాళ్ల కోసం కథ చెబుతాను. మనుషులు తయారుచేసిన యంత్రాలు మనుషుల మీదికే తిరగబడి వాళ్ల లోకాలను నాశనం చేశాయి. మిగిలిన యాభైవేల చిల్లర మంది ఓడల్లో ఆకాశం పట్టి పారిపోతున్నారు. సరిగ్గా 33 నిమిషాలకొకసారి శత్రువు వచ్చి పడతాడు. వీళ్లు ఇంకో చోటికి దూకుతారు. మళ్లీ 33 నిమిషాలు. ఇలా 237 సార్లు. ఐదు రోజులు దాటినా కంటిమీద కునుకు లేదు. ఒకసారి అలా దూకినప్పుడు ‘ఒలింపిక్ క్యారియర్’ అనే ఓడ వెనకబడిపోతుంది. అందులో 1,345 మంది. ఆ ఓడ లేని పూట శత్రువు రాడు. కాసేపటికి ఓడ తనంతట తానే తిరిగొస్తుంది, దాని వెనకే శత్రువూ వస్తాడు. ఆగమంటే ఆగదు. లోపల అణ్వాయుధాలున్నాయని పరికరాలు చెబుతాయి. ప్రజలను కాపాడవలసిన పైలట్లే దాన్ని పేల్చేస్తారు. లోపల మనుషులున్నారో లేరో ఎపిసోడ్ తేల్చి చెప్పదు.

ఎపిసోడ్ అయిపోయాక మా గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నా నోటికి వచ్చిన పాదం ఇది.

కథ ఇదే కానక్కర్లేదు. పురాణం, ఊరు, ఇల్లు, ఏదైనా సరే. సమస్యలో అక్షరం మాత్రం మార్చకూడదు. కాల్చడం నిప్పుతోనూ అవుతుంది, తుపాకితోనూ అవుతుంది. ఆ వెసులుబాటు వాడుకోండి.

గవర్నర్‌పేట సభ్యుడు

ముప్పదియును మూఁడు ముగియఁగా నిమిషాలు
మూఁగుచుండె వైరిమూఁక మఱల
నిద్రలేని చేయి నిలువక వణఁకంగఁ
గాచువాఁడె ప్రజలఁ గాల్చివేసె

నా మాట: మొదటి పాదం గడియారంలా నడిచింది. ‘ముప్పదిమూడు’ అని మొదలుపెడితే ఆటవెలది పాదం మొదట్లో ఇమడదు. ‘ముప్పదియును మూఁడు’ అని విడదీయడంతో మూడు సూర్యగణాలు (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) తేలిగ్గా పడ్డాయి. ‘వణఁకంగ’ ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) కాబట్టి సమస్యలో ‘కా’ ‘గా’ అయింది. అది అక్షరం మార్చినట్టు కాదు.

సత్యనారాయణపురం సభ్యుడు

పద్యం బాగుందండీ. ఒక్క మాట. నేను రైలు బండి నడిపినవాణ్ని. వరసగా రాత్రి డ్యూటీలు పడితే చెయ్యి వణకదు. చెయ్యి దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. మోసం చేసేది కన్ను. సిగ్నల్ కనిపిస్తుంది, అది ఎర్రదో పచ్చదో బుర్రకెక్కదు. ఒక్క క్షణమే. ఆ క్షణం తర్వాత ఒళ్లంతా చెమట. ఆ ఎపిసోడ్‌లో వాళ్ల కళ్లు చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గవర్నర్‌పేట సభ్యుడు

అన్నగారూ, మీ మాట విన్నాక నా మూడో పాదం నాకే అబద్ధంగా కనిపించింది. మార్చాను.

నిద్రలేని కన్ను నిజమును గనలేక
కాచువాఁడె ప్రజలఁ గాల్చివేసె

నా మాట: వందసార్లు చదువుకున్నా నాకు తట్టని సవరణ ఇది. వణికే చెయ్యి సినిమాల్లో చూసి రాసింది. నిజాన్ని కనలేని కన్ను ఒక మనిషి బతుకులోంచి వచ్చింది. పైగా కథలోని సందేహం కూడా ఈ పాదంలోనే చేరింది. ‘గనలేక’ తరువాత ద్రుతం లేదు కనుక సమస్య ‘కా’తోనే మొదలవుతుంది. అదీ సరిగ్గా పెట్టారు.

కొరిటెపాడు నుంచి, ఇంజినీరింగ్ విద్యార్థి

నమస్కారమండీ. ఇది నా మొదటి పద్యం. తప్పులుంటే చెప్పండి. 237ను 33తో గుణిస్తే 7,821 నిమిషాలు, అంటే 130 గంటల పైచిలుకు. లెక్క సరిగ్గానే రాశారు వాళ్లు.

ఓడలోన జనులు ఉన్నారొ లేరొ
ఎవరి కెఱుక యనుచు నేడ్చె మనసు
అణువుబాంబు లుండె నందులో నని చెప్పఁ
గాచువాఁడె ప్రజలఁ గాల్చివేసె

నా మాట: తమ్ముడూ, మొదటి పద్యమంటే నమ్మలేకపోతున్నాను. రెండో పాదం అచ్చంగా ఆటవెలది, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) కూడా చక్కగా చెల్లింది. తప్పులు మూడున్నాయి. మొదటి పాదాన్ని ఇలా విడదీసి చూడు: ఓడ, లోన, జనులు, ఉన్నారొ, లేరొ. మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు రావాలి. ‘ఉన్నారొ’ తగణం (రెండు గురువులు, ఒక లఘువు), అది ఇంద్రగణమే, సరిపోయింది. ‘లేరొ’ గురువు, లఘువు మాత్రమే, అది సూర్యగణమే. రెండోది, ‘జనులు ఉన్నారొ’ దగ్గర సంధి జరగాలి. మూడోది, ‘అణువుబాంబు’ అని ఎవరూ అనరు, అణుబాంబు అంటారు. గణం కోసం మాటను సాగదీస్తే చదివేవాడి చెవికి తెలిసిపోతుంది.

మొదటి పాదానికి నా సూచన:

ఓడలోన మనుజు లున్నారొ లేరొకో

‘లు’లో ఉన్న ఉకారం మొదటి ‘ఓ’కు యతిగా చెల్లుతుంది. మూడో పాదం నువ్వే సవరించు.

కొరిటెపాడు విద్యార్థి

రాత్రి రెండింటి దాకా కూర్చున్నానండీ.

ఓడలోన మనుజు లున్నారొ లేరొకో
ఎవరి కెఱుక యనుచు నేడ్చె మనసు
అందులోన నుండె నణుబాంబు లని చెప్పఁ
గాచువాఁడె ప్రజలఁ గాల్చివేసె

నా మాట: నిర్దోషం. ‘అం’కు ‘నణు’లోని అకారంతో యతి. చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. ‘ఎవరి కెఱుక’ అన్న రెండు మాటల్లో ఆ నలభై నిమిషాల కథంతా ఉంది.

బ్రాడీపేట మాష్టారు

అర్ధరాత్రివేళ నమ్మయు నేవురు
సుతులు నిదురవోవ సురను గ్రోలి
తల్లిఁ దమ్ము నన్నఁ దప్పించు తెగువతోఁ
గాచువాఁడె ప్రజలఁ గాల్చివేసె

ఆదిపర్వం. ఇంతకన్న చెప్పను.

నా మాట: చదవగానే నాకు ఒళ్లు జలదరించింది. లక్క ఇంట్లో ఆ రాత్రి కుంతి పెట్టిన భోజనానికి వచ్చి, తాగి, అక్కడే పడుకున్న బోయ స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు. నిప్పు పెట్టినవాడు భీముడు. అన్నదమ్ములను, తల్లిని సొరంగంలోంచి దాటించినవాడూ అతడే. తెల్లారి బూడిదలో ఆరుగురిని చూసి పాండవులే పోయారని వారణావతం ఏడ్చింది. చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు విన్నాం ఈ కథ! పాండవులు తప్పించుకున్నారని సంతోషపడి ముందుకు వెళ్లిపోయేవాళ్లం. ఆ ఆరుగురి దగ్గర ఒక్కసారీ ఆగలేదు. ఎక్కడో అమెరికాలో తీసిన ఆకాశం ఓడల కథ చూసి మాష్టారు అక్కడ ఆగారు. ‘ఏవురు’ (ఐదుగురు) అన్న పాతమాట కూడా ఆ చోటికి ఎంతో నప్పింది.

కొరిటెపాడు విద్యార్థి

మాష్టారూ, లోపల వాళ్లు పడుకున్నారని భీముడికి తెలుసాండీ?

బ్రాడీపేట మాష్టారు

ఆ పాఠం నలభై ఏళ్లు చెప్పాను బాబూ. ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

కృష్ణలంక సభ్యుడు

వేడుకొనఁగ నిత్యవిధిగ గాయత్రితో
వెలుఁగు నిచ్చు తండ్రి, వేసవైన
బెజ్జవాడ నడుమ బీదపై నెండలఁ
గాచువాఁడె ప్రజలఁ గాల్చివేసె

ఈ సిరీస్ టైటిల్స్‌లో గాయత్రీ మంత్రం వినిపిస్తుంది కదా. దాన్ని పట్టుకుని రాశాను. సవిత అంటే సూర్యుడే.

నా మాట: ‘కాచు’కు ఎండ కాయడం అనే అర్థం తీసి సమస్యను ఒక్క దెబ్బతో విడగొట్టారు. పద్యంలో దోషం లేదు. మే నెలలో బెంజిసర్కిల్ దగ్గర తోపుడుబండి పెట్టుకున్నవాళ్లను చూసిన ఎవరికైనా ‘బీదపై’ అన్న మాట గుచ్చుకుంటుంది. అయినా నా మనసులో ఉన్నది చెబుతాను. ఇక్కడ ముడి విడిపోయింది, దాంతోపాటు బాధ కూడా పోయింది. ఎండ కాసేవాడు కాల్చడంలో వింత లేదు. ఆ ఓడను పేల్చిన పైలట్ మనసులో ముడి విడలేదు. అది అలాగే మిగిలే పద్యం కోసం నేను చూస్తున్నాను.

బ్రాడీపేట మాష్టారు

ఇక్కడ నేను మీతో ఏకీభవించను. ఆశుకవిత్వానికి పేరుపడ్డ కొప్పరపు సోదర కవులు పుట్టిన సీమవాణ్ని. సమస్య ఇచ్చేదే ముడి విప్పమని. అసంగతంగా కనిపించేదాన్ని సంగతం చేయడమే పూరణ. కృష్ణలంక వారి శ్లేషకు నేనైతే మొదటి స్థానం ఇస్తాను.

నా మాట: మాష్టారూ, మీ మాట శాస్త్రం. కాదనను. కానీ మీ లక్క ఇంటి పద్యమే మీకు ఎదురు సాక్ష్యం చెబుతోంది. అందులో శ్లేష లేదు. ప్రజలు ప్రజలే, కాల్చడం కాల్చడమే. అంతా తెలిశాక అసంగతం పోలేదు, ఇంకా బరువెక్కింది. నాకు రెండు రోజులుగా మనసులో తిరుగుతున్నది ఆ పద్యమే.

పట్టాభిపురం నుంచి ఒకరు మిరపతోట కాపలావాడి మీద రాశారు. మూడో పాదంలో యతి తప్పింది, సవరించి పంపమన్నాను.

అరండల్‌పేట అక్కయ్య

నాకు సమస్యతోనే తగవు ఉంది. పాత సిరీస్‌లో స్టార్‌బక్ అనే పైలట్ మగవాడు. కొత్తదాంట్లో ఆ పాత్రను ఆడపిల్లను చేశారు. మొదట్లో పాత అభిమానులు ఎంతమంది కోప్పడ్డారో! ఆ ఓడను పేల్చింది ఇద్దరు పైలట్లు, అపోలో అనే అతను, స్టార్‌బక్. పేల్చమన్న అధ్యక్షురాలు ఆడమనిషి. మరి ‘వాఁడె’ ఏమిటి?

ఆమె యాజ్ఞ నిచ్చె నాతఁడు పేల్చెను
ఆమె కూడఁ బేల్చె నతని వెనుక
వాఁడె యనఁగ నేల? వ్రాయుఁ డీ రీతిగఁ
గాచునామె ప్రజలఁ గాల్చివేసె

నా మాట: అక్కయ్యా, సమస్యలో అక్షరం మార్చకూడదన్న నియమం పెట్టింది నేనే, తప్పు పాదం ఇచ్చింది కూడా నేనే. రాసేటప్పుడు నా కళ్లముందు పైలట్ అంటే మగవాడే ఉన్నాడు, కళ్లారా చూసి కూడా. ‘వాఁడె’, ‘నామె’ రెండూ గురువు, లఘువే. గణం చెదరలేదు, యతి చెదరలేదు. ఛందస్సుకు అభ్యంతరం లేని చోట నాకెందుకు? ఈ వారం రెండు పాదాల్లో ఏది తీసుకున్నా సరే. ఇంతకు ముందు పంపినవాళ్లు కూడా కావాలంటే మార్చుకోవచ్చు.

పటమట నుంచి, నర్సు

నైట్ డ్యూటీలో లేబర్ వార్డు బయట కూర్చుని రాశాను. ఆలస్యమైతే మన్నించండి. ఆ ఎపిసోడ్‌లో నన్ను పట్టుకున్నది ఆఖరి దృశ్యం. అధ్యక్షురాలి గదిలో బతికున్నవాళ్ల లెక్క రాసే బోర్డు ఉంటుంది. రోజూ తగ్గడమే. ఆ రోజు మాత్రం ఒక ఓడలో బిడ్డ పుట్టిందని వచ్చి చెబుతారు.

వేయిపైన జనులు వెడలిపోయిన యోడ
వెదకికొనుచు వచ్చె వెనుకఁ బడియు;
ఒక్క శిశువు పుట్టె నొకచోట నాఁడె, యా
కాచువాఁడె ప్రజలఁ గాల్చివేసె

నా మాట: ఛందస్సు గురించి చెప్పాల్సింది ఏమీ లేదమ్మా. ‘వెదకికొనుచు వచ్చె’ దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఓడ మీద జాలిపడినవాళ్లు మీరొక్కరే. మిగతావాళ్లం అందరం దాన్ని ప్రమాదంగానే చూశాం. మీ పద్యంలో అది తప్పిపోయిన పిల్లలా తనవాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. మూడో పాదంలో పుట్టుక, నాలుగో పాదంలో చావు. మధ్యన ‘అందుచేత’ అని గానీ ‘అయినా’ అని గానీ మీరు అనలేదు. నేను వెతుకుతున్న పద్యం ఇదే.

బ్రాడీపేట మాష్టారు

అమ్మా, బోర్డు మీద ఆ బిడ్డను లెక్కలోకి ఎక్కించింది ఎవరు?

పటమట నర్సు

అధ్యక్షురాలేనండీ. తన చేత్తోనే. 47,972 ఉన్నదాన్ని చెరిపి 47,973 అని రాసింది.

బ్రాడీపేట మాష్టారు

పేల్చమన్నదీ ఆమేనా?

పటమట నర్సు

ఆమేనండీ. మీరు అడిగేదాకా నాకు తట్టలేదు. మార్చి పంపుతున్నాను.

ఒక్క శిశువు పుట్టె నొకచోట నాఁడె, యా
కాచునామె ప్రజలఁ గాల్చివేసె